ఆగమన్న మనిషి

ఖాజా మొహిద్దీన్ పోయి నలభయ్యో దినం ఫాతెహా కూడా అయిపోయింది. వచ్చిన చుట్టాలు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. పుంగనూరు బజారులో ఆయన రేడియో రిపేరు అంగడి తలుపుల మీద దుమ్ము పేరుకుంది. కుప్పంలో ఒక మనిషి మాత్రం ఆయన్ని ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

పోయినవాళ్ళను తలుచుకుని పిలవడం లోకంలో ఉన్నదే. ఈయన రోజూ పొద్దున, పాలు కాగే వేళకు, రేడియోలో పిలుస్తున్నాడు. ఆ పిలుపు పుంగనూరులో ఖాజా మొహిద్దీన్ సొంత ఇంట్లో, ఆయన చేత్తో కట్టిన పెట్టెలోనే వినిపిస్తోంది. వింటున్నది ఆయన కూతురు జహీరా. తల్లి అజీజాబీ వంటింట్లో పాలు కాచి దించేలోపల హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకుని, దొంగతనం చేస్తున్నదానిలా వింటోంది.

ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పుకోవాలి. హ్యామ్ రేడియో అంటే ఏమిటో 1983లో పుంగనూరులో నూటికి తొంభైమందికి తెలియదు. సిలోను స్టేషను గట్టిగా పట్టే యంత్రమేమో అనుకునేవాళ్ళు. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, అక్షరాలూ అంకెలూ కలిపి రేడియో పేరుగా మనిషికొక గుర్తు ఇస్తుంది. ఆ గుర్తు పంపి, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ప్రపంచంతో మాట్లాడుకోవచ్చు. ప్రపంచమంతా చేతికి అందేటట్టు పెట్టుకుని ఖాజా మొహిద్దీన్ రోజూ మాట్లాడింది మాత్రం కుప్పంలో ఉన్న నారాయణస్వామితోనే. నారాయణస్వామి అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఖాజా మొహిద్దీన్ ఒకే రకం సామానుతో రెండు ట్రాన్సీవర్లు కట్టాడు. వినడానికీ పంపడానికీ ఒకటే పెట్టె. ఒకటి తాను ఉంచుకుని రెండోది స్నేహితుడికి ఇచ్చాడు. వాటిలో గొంతు పోదు, మోర్సు కోడ్ మాత్రమే పోతుంది. కీ అనే చిన్న మీటను వేలితో నొక్కుతూ, చుక్కలూ గీతలుగా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట్లాడుకునేవాళ్ళు. లోకాన్ని ఉద్ధరించే సంగతులేమీ కావు. వాన బైరెడ్డిపల్లె దాకా వచ్చి మొహం చాటేసిందనీ, చెనక్కాయ చేలు వాడిపోతున్నాయనీ, నిన్నటి చారులో ఉప్పెక్కువైందనీ, అంతే.

ఆయన పోయిన రోజు గాలి ఎక్కువగా ఉంది. ‘నీ కూత ఊగుతాంది, ఏరియల్ వైరు వదులైనట్టుండాది’ అని కుప్పం నుంచి వచ్చింది. ఖాజా మొహిద్దీన్ ఒక చిన్న సైగ పంపాడు. ఒక చుక్క, ఒక గీత, మూడు చుక్కలు. ‘ఆగు’ అని దాని అర్థం. పంపి మిద్దె ఎక్కాడు. పిట్టగోడ మీద నిలబడి వైరు బిగిస్తుండగా కాలు జారి పెరట్లో బట్టలుతికే చాకిబండ మీద పడ్డాడు. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

ఈ రేడియోవాళ్ళలో ఒక మర్యాద ఉంది. ఆగమన్న మనిషి తిరిగి వచ్చి ముగింపు సైగ పంపేదాకా అవతలి మనిషి ఆ తావు, అంటే ఆ ఫ్రీక్వెన్సీ, వదలకూడదు. నారాయణస్వామి ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆగాడు. కబురు తెలిసి పరుగున వచ్చాడు, అందరితో పాటు మూడు పిడికెళ్ళ మన్ను వేశాడు, కుప్పం వెళ్ళిపోయాడు. మరుసటి పొద్దున మళ్ళీ పెట్టె ముందు కూర్చుని, స్నేహితుడి గుర్తును పిలవడం మొదలుపెట్టాడు.

జహీరాకు ఇరవై రెండేళ్ళు. పళ్ళెం మీద చెంచాతో కొట్టి నాన్న నేర్పిన మోర్సు ఆమెకు అక్షరాలు రాకముందే వచ్చింది. ఆమె అబ్బా అని పిలిచే ఆ నాన్నే పరీక్షకు తీసుకెళ్ళాడు. ఆమె పేరున లైసెన్సు, ఆమె గుర్తు, ఆయన పోయాక పోస్టులో వచ్చాయి. అయితే పెట్టెను ట్యూన్ చేయడం మాత్రం ఆమెకు రాదు. “నువ్వు కొట్టు బేటీ, తిప్పేది నేను తిప్పుతా” అనేవాడు ఆయన. కూతురికి అన్నం కలిపి ముద్దలు పెట్టే తండ్రులు ఉంటారు చూడండి, ఆ రకం. ఇప్పుడు ఆమెకు వినడానికి సరిపోయేంత తిప్పడం వచ్చు. నాన్న గుర్తు ఒక్కొక్క అక్షరమే చెవిలో పడుతుంటే ఒళ్ళు జలదరించేది. భయమూ వేసేది, హాయిగానూ ఉండేది. పిలిచేవాడు ఉన్నన్నాళ్ళూ నాన్న ఇంకా మిద్దె దిగి రావలసిన మనిషే. ఆ మాట పైకి అంటే పిచ్చిదంటారని ఎవరితోనూ అనలేదు.

ఇలా ఉండగా ఒకరోజు నారాయణస్వామి భార్య శాంతకుమారి బస్సు దిగి వచ్చింది.

“మనిషి ఎండిపోతాండాడు అజీజక్కా,” అంది కూర్చోగానే. “పొద్దున కూసుంటే మద్దేనానికీ లేయడు. పళ్ళెం ఆడ పెడితే ఆణ్ణే ఎండిపోతాది. ఇస్కూలుకు పోయేది మానేసినాడు. ఇంగ రాకుంటే ఉద్యోగం పోతాదని హెడ్మాస్టరు మనిషిని పంపించినాడు.”

“డాక్టరుకు సూపించినారా?”

“సూపించకుండా ఉంటానా? నిద్దరమాత్ర ఇచ్చినాడు. మాత్ర మింగి బాగా నిద్దరపోయి, తెల్లారి లేసి మళ్ళీ ఆణ్ణే కూసుంటాడు. పొయినోడు వస్తాడా అప్పా అంటే, ‘పొయినాడని నాకూ తెలుసు. ఆగమన్నాడు కదా, ఆగినా’ అంటాడు. ఏమి జవాబు సెప్పేది?”

ఆమె జహీరావైపు తిరిగింది. “అమ్మా, నువ్వు కొట్టేది అచ్చం మీ నాయిన కొట్టినట్టే ఉంటాదని మా ఆయన ఎన్నిసార్లో అన్న్యాడు. ఆ పెట్టెతోనే, ఆ తావులోనే, మీ నాయిన గుర్తుతోనే, ‘అయిపోయింది, ఇంగ లేసి పో’ అని ఒక్కసారి కొట్టమ్మా. అది తప్పో ఒప్పో నాకు తెలీదు. నా మొగుణ్ణి నాకు ఇప్పించు.”

“ఆ పెట్టె ఈ ఇంట్లో మళ్ళీ మోగేదానికి లేదు,” అంది అజీజాబీ పుల్ల విరిచినట్టు. “దాని కోసరమే ఆయన మిద్దెక్కినాడు. నా బిడ్డను కూడా ఎక్కించాల్నా?”

శాంతకుమారి వాదించలేదు. ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. గాజులు గ్లాసుకు తగిలి చిన్నగా చప్పుడు చేశాయి. అజీజాబీ ఆ గాజులవైపు చూసింది, బోసిగా ఉన్న తన చేతులవైపు చూసుకుంది.

“నీకన్నా మిగలనీ,” అంది చివరికి. తరువాత కూతురితో, “నేర్సుకోను యాడికి పోవల్ల?” అని అడిగింది.

“మదనపల్లెకు,” అంది జహీరా గాని మనసు ఒప్పలేదు. నారాయణస్వామి మామను లేపాలంటే ఆ పిలుపును తన చేత్తోనే ఆపాలి. ఆపితే నాన్న నిజంగానే పోతాడు.

మదనపల్లె బస్టాండు వెనక మునిరత్నం అంగడి ఉంది. ఆయన కూడా లైసెన్సు ఉన్నవాడే, ఖాజా మొహిద్దీన్‌ను ఎరిగినవాడే. నోరు ఊరుకోని మనిషి. హార్స్లీ హిల్స్ మీద పెట్టె పెట్టి ఆస్ట్రేలియాతో మాట్లాడానని ఏడాదికి ఒకసారి చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ ఆస్ట్రేలియా ఇంకొంచెం దూరం జరుగుతుంది. కానీ పని నేర్పడంలో మాత్రం పిసినారితనం లేదు.

“మొదట ఏరియల్ తగిలియ్యొద్దు,” అన్నాడు. “దాని బదులు ఈ బల్బు తగిలియ్యి. నేర్సుకునేవాళ్ళ గోల ఊరందరి చెవుల్లో యాల? ఇప్పుడు కీ నొక్కు. మీటరులో ముల్లు పైకి లేసింది కదా? ఈ చక్రం మెల్లిగా తిప్పు. యాడైతే ముల్లు దబుక్కున కింద పడతాదో ఆడ నిలుపు. ఆ, పడింది. సూడు, బల్బు ఎలిగింది. శక్తి బయటికి పోతాందని లెక్క. మూత తీసినప్పుడు మాత్రం ఒక చెయ్యి ఈపు ఎనక పెట్టుకో. రెండు చేతులూ లోపల పెట్టినోళ్ళు నాకు కథలు సెప్పేదానికి తిరిగి రాలేదు.”

ముల్లు మాట వినేదాకా జహీరాకు వారం పట్టింది. పుంగనూరు నుంచి బస్సులో వస్తూ పోతూ, కిటికీ కమ్మీని చక్రం అనుకుని వేళ్ళతో తిప్పేది. ఆ తరువాత అసలైన పాఠం వచ్చింది, అవతలి మనిషి ఉన్న ఫ్రీక్వెన్సీకి మన పెట్టెను చేర్చడం.

“ఆయప్ప పంపిస్తాంటే నీకు ఈల ఇనబడతాది,” అన్నాడు మునిరత్నం. “దూరంగా ఉంటే సన్న ఈల. దగ్గిరికి పొయ్యే కొద్దీ ఈల లావవుతాది, బొంగురవుతాది. దించుకుంటా పో. ఆఖరుకు ఈల సచ్చిపోతాది. ఈల సచ్చిన తావులో నువ్వూ ఆయప్పా ఒకటే. ఒక వెంట్రుక వాసి తేడా ఉండదు.”

ఈల చచ్చిన తావు. ఆ మాట జహీరా మనసులో నాటుకుపోయింది. ఎవరితో మాట్లాడాలని ఇదంతా అని మునిరత్నం అడిగితే కుప్పం మామతో అని చెప్పింది. ఏ గుర్తుతో మాట్లాడబోతోందో చెప్పలేదు. పోయినవాళ్ళ గుర్తు వాడటం తప్పని, పట్టుబడితే తన లైసెన్సు పోతుందని ఆమెకు బాగా తెలుసు.

మిద్దె మీద వైరు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ పిట్టగోడ దగ్గరికి ఇంట్లో ఎవరూ పోలేదు. జహీరా ఒక మధ్యాహ్నం చున్నీ నడుముకు బిగించి ఎక్కింది. నాన్న సగం చుట్టిన ముడి అలాగే ఉంది. దాన్ని విప్పడానికి చేతులు రాలేదు. దాని మీదనే ఇంకో రెండు చుట్లు చుట్టి గట్టిగా కట్టింది. దిగి వచ్చేదాకా అజీజాబీ కింద చాకిబండ పక్కన నిలబడి, పడితే పట్టుకునేటట్టు రెండు చేతులూ చాచుకునే ఉంది.

మరునాడు పొద్దున తల్లికి తెలిసేటట్టే పెట్టె ముందు కూర్చుంది. పెట్టె లోపల గాజు వాల్వులు ఎర్రబడ్డాయి, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. నాన్న చొక్కాకు ఎప్పుడూ ఉండే వాసన అది. చక్రం తిప్పింది. సన్నటి ఈల. నారాయణస్వామి మామ పిలుస్తున్నాడు. నాన్న గుర్తు, మామ గుర్తు, మళ్ళీ నాన్న గుర్తు. మునిరత్నం చెప్పినట్టే ఈలను దించింది. బొంగురైంది, గురకలాగా మారింది, చచ్చిపోయింది. ఇప్పుడు ఇద్దరూ ఒకటే తావు. నాన్న గుర్తు కొట్టింది. ‘వచ్చినా’ అని కొట్టింది. చక్రం పక్కకు తిప్పి విన్నది.

మామ పిలుస్తూనే ఉన్నాడు. ఏమీ విననట్టు, అదే గుర్తును, అదే నిదానంతో.

మళ్ళీ ఈలను దించి మళ్ళీ కొట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ముల్లు సరిగ్గానే పడుతోంది, శక్తి బయటికి పోతూనే ఉంది, వైరు బిగువుగానే ఉంది. ఆ రోజు, మరుసటి రోజు, ఆ వారమంతా అదే వరస. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతుంటే మనిషి మన లోపలి నుంచి చూపు పోనిచ్చి వెనకెవరినో చూస్తున్నట్టుంటుందే, అలా ఉంది ఆమెకు. ఒక్కోసారి అనుమానం వచ్చేది, చచ్చిపోయింది నాన్నేనా, తానా అని. అలా అనుకుని ఉలిక్కిపడి, తన చెయ్యి తాను గిల్లి చూసుకునేది.

“ఆయనకు మనము ఇనబడము బేటీ,” అంది అజీజాబీ తలుపు దగ్గర నిలబడి. “సచ్చినోళ్ళను పిలిసేటోళ్ళకు బతికినోళ్ళ మాట చెవికెక్కదు. ఇడిసిపెట్టు.”

విడిచిపెడితే ఒకందుకు బాగానే ఉండేది. ప్రయత్నం చేశానన్న పేరూ వచ్చేది, రోజూ ఆ పిలుపూ మిగిలేది. జహీరాకు ఆ ఆశ పుట్టింది, పుట్టినందుకు సిగ్గూ వేసింది. శాంతకుమారి గాజుల చప్పుడు గుర్తొచ్చి మళ్ళీ చక్రం పట్టుకుంది. ఈలను దించుతూ దించుతూ, చచ్చిపోయే ముందు, వేళ్ళు వాటంతట అవే ఆగాయి.

ఈల చచ్చిన తావులో తనకు మామ వినిపించడు. మరి తాను ఆయనకు ఎలా వినిపిస్తుంది?

మునిరత్నం పెట్టెలో వినేది వేరు, పంపేది వేరు. అక్కడ ఆయన పాఠం సరైనదే. నాన్న కట్టిన పెట్టెలో రెండింటికీ ఒకటే చక్రం, మామ పెట్టె దీని కవలది. ఇద్దరూ సరిగ్గా ఒకే తావున కూర్చుంటే ఒకరికొకరు మూగవాళ్ళే. కొంచెం ఎడంగా, పక్కన కూర్చోవాలి. నాన్న ఉన్న చోటునే తాను పోయి కూర్చోవాలని ఇన్ని రోజులూ వెంట్రుక వాసి తేడా రాకుండా తిప్పి తిప్పి, తనను తాను వినపడకుండా చేసుకుంది.

ఈలను ఈలగానే ఉండనిచ్చింది. కీ మీద వేలు పెట్టి నాన్న గుర్తు మొదలుపెట్టింది. రెండు అక్షరాలు కొట్టిందో లేదో, కుప్పంలో పిలుపు టక్కున ఆగిపోయింది.

ఇన్ని రోజుల్లో ఆ పిలుపు మధ్యలో ఆగడం అదే మొదలు. గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది. తరువాత మామ చెయ్యి, తడబడుతూ, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చింది.

‘ఇంతసేపు యాడికి పొయినావు?’

జహీరా కొట్టవలసింది ఒక్క మాట. అయిపోయింది, లేసి పో. శాంతకుమారి పదే పదే చెప్పి వెళ్ళిన మాట. కానీ ఆ అడిగిన తీరు చూస్తే, నాన్న ఇప్పుడే మెట్లు దిగి, చేతులు దులుపుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నట్టుంది. ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు.

‘వైరు కట్టినా,’ అని కొట్టింది. అది అబద్ధం కూడా కాదు.

‘బాగా కట్టినావు. ఇప్పుడు కూత ఊగడం లేదు. గాలి తగ్గిందా?’

‘తగ్గింది. ఆడ వానుండాదా?’

‘యాడ వాన? మబ్బు వస్తాది, పోతాది. నీకు సలిగా లేదా మిద్దె మీద?’

వెన్నులో చలి పుట్టింది జహీరాకు. అయినా కొట్టింది. లేదు అంది. చెనక్కాయల మాట వచ్చింది, బస్సుల మాట వచ్చింది. రోజూ మాట్లాడుకునే ఉత్త మాటలే. తలుపు దగ్గర తల్లి ఉందని తెలుసు, తిరిగి చూడలేదు. తన వేళ్ళు నాన్న వేళ్ళలాగా కదులుతుంటే, ఇలా సాయంత్రం దాకా, రేపటి దాకా, ఎప్పటి దాకానైనా ఉండిపోవచ్చు అనిపించింది. అలా ఉండిపోయిన మనిషి అవతలి కొసన ఒకడు ఉన్నాడు. ఆయన అన్నం పళ్ళెం ఆయన పక్కనే ఎండుతోంది. తాను ఇంకో మాట పొడిగిస్తే ఆయన ఇక ఎన్నటికీ లేవడు. ఆ సంగతి అర్థమయ్యేసరికి కళ్ళు మసకబారాయి.

తన గుర్తు కొట్టింది. లైసెన్సు వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా వాడని గుర్తు. ‘మామా, నేను జహీరాను.’

బర్రుమనే గాలి చప్పుడు తప్ప చెవుల్లో ఏమీ లేదు. మామకు గుండె ఆగిపోయిందేమో, తానే చంపేసిందేమో అనుకుంది.

తరువాత నిదానంగా, బడిలో పిల్లలకు లెక్క చెప్పినంత నిదానంగా వచ్చింది.

‘తెలుసమ్మా. మొదటి అచ్చరానికే తెలిసింది. మీ అబ్బా చెయ్యే నీది, తొందర మాత్రం నీది. రవ్వంతసేపు ఉండనీలే అనుకున్నా.’

‘నేనూ అంతే మామా.’

‘నువ్వు దినామూ ఇంటాండావా?’

‘ఇంటాండాను.’

‘ఆగమన్నాడు కదమ్మా. ఎవురూ నాకు అయిపోయిందని ఈడ సెప్పలేదు. మట్టి దగ్గిర సెప్పినారు, ఇంట్లో సెప్పినారు. ఈడ సెప్పల్ల కదా. నువ్వు సెప్పు. వాడి గుర్తు వద్దు, నీ గుర్తుతోనే సెప్పు.’

జహీరా కీ మీద వేలు పెట్టింది. ఇంతకాలంలో ఎవరితోనూ, తల్లితో కూడా అనని మాటను ఒక్కొక్క అక్షరం కొట్టింది. ‘అబ్బా పొయినాడు మామా. ఇంగ రాడు.’ ఆ వెంట ముగింపు సైగ పంపింది. మూడు చుక్కలు, గీత, చుక్క, గీత.

కుప్పం నుంచి అదే సైగ తిరిగి వచ్చింది. ఆ తరువాత టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది, అవతల పెట్టె ఆపేసిన చప్పుడు.

నాలుగు రోజులకు శాంతకుమారి కబురు పంపింది. ఆయన ఇస్కూలుకు పోతున్నాడనీ, మొదటి రోజు పిల్లలు లేచి నిలబడితే ఏడ్చాడనీ, రెండో రోజు ఎప్పటిలాగే చెవులు మెలిపెట్టాడనీ. అజీజాబీ ఆ మాట విని చాలా రోజుల తరువాత నవ్వింది.

ఆ కబురు రాకముందే జహీరాకు తెలుసు. మాట్లాడిన మరునాటి పొద్దున, పాలు కాగే వేళకు, అలవాటు కొద్దీ వెళ్ళి కూర్చుంది. వాల్వులు ఎర్రబడేదాకా ఆగి చక్రం పట్టుకుంది. ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. దూరాన ఎవరెవరో తెలియని భాషల్లో మాట్లాడుకుంటున్నారు. నాన్నను పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పిలుపు రావలసిన ఆ చిన్న తావులో ఈల లేదు, చుక్క లేదు, గీత లేదు. అక్కడే చాలాసేపు విన్నది. తరువాత హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, నాన్న పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా, వీధిలో వినపడేటట్టు ఏడ్చింది. అజీజాబీ పాలు దించి వచ్చి, ఏమీ అడగకుండా, కూతురి పక్కన నేల మీద కూర్చుంది.